పొటోల్ పూలకు ఎవరి చేయి తగలాలి

మా తోటలో వసంతం పొటోల్ పాదు దగ్గర మొదలయ్యేది. పొటోల్ అంటే దొండకాయకు అన్నలాగా ఉండే కాయ. లేత చారలు, రెండు కొసలా సన్నం. మన ఆంధ్ర బజార్లలో అంతగా కనబడదు గాని కలకత్తాలో అది లేకుండా వేసవి గడవదు. దాని సంగతి ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. పొటోల్‌లో మగతీగ వేరు, ఆడతీగ వేరు. గాలినీ తేనెటీగనూ నమ్ముకుంటే కాయ సరిగ్గా పట్టదు. తెల్లవారుతూనే, ఎండ పడకముందే, మగపువ్వు కోసి, రేకలు తుంచి, దాని పుప్పొడిని ఒక్కొక్క ఆడపువ్వుకూ చేత్తో తాకించాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. ఫాల్గుణంలో మొదలుపెడితే వానలు పడేదాకా ప్రతి ఉదయం ఇదే పని. నడుం వంచి పందిరి కింద నడవాలి. మంచుకు తడిసిన ఆకులు మెడకు తగులుతూ ఉంటాయి.

ఆ పని మా అప్పది, అంటే అక్కది. నాకంటే పెద్దది, మా ముగ్గురిలోనూ పెద్దది.

తోట అంటున్నాను గాని పెద్దదేమీ కాదు. కలకత్తా శివార్లలో జోకా దాటి లోపలికి వెళ్తే వస్తుంది. మా నాన్న వాట్‌గంజ్‌లో ఉంటూ రేవులో బస్తాలు మోసిన రోజుల్లో, ఎవరికీ అక్కర్లేని పల్లపు నేల అని చవగ్గా వస్తే కొన్నాడు. ఒక మూల పుకుర్ అనే చిన్న నీటికుంట, దాని గట్టున మునగచెట్టు, రెండు గదుల ఇల్లు. మునిసిపాలిటీలో నీటి పంపుల దగ్గర పనిచేసిన మా బావ రిటైరయ్యాక అప్పను తీసుకుని అక్కడికి చేరాడు. నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, నా భార్య పోయాక, వాళ్ళతో కలిశాను. మా తమ్ముడు భవానీపూర్‌లో ఉంటాడు, ఆదివారాలు వచ్చి సంచి నిండా కూరలు పట్టుకుపోతాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. సెలవులకు తోటకు వచ్చిన రోజులు కూడా అందులో ఉంటాయి. తోటకు వచ్చాక అందులో ఆఫీసు మాటలు పోయి పాదుల మాటలు వచ్చాయి. మాఘం చివర కాలీఫ్లవర్ మోళ్ళు పీకడం. పుకుర్‌లో నీళ్ళు అడుగంటాక బురద తోడి పాదుల్లో పోయడం. వెదుళ్ళు తట్టి చూసి, పుచ్చినవి తీసేసి కొత్తవి పాతడం. జనపనార తాళ్ళు తడిపి పందిరికి బిగించడం, తీగల కింద ఎండుగడ్డి పరచడం, కాకర, బెండ విత్తడం, రాలిన మునగపువ్వు ఏరడం. చైత్రంలో సాయంత్రాలు విరుచుకుపడే కాల్‌బైశాఖి గాలివానకు ముందే కట్లన్నీ ఇంకోసారి చూసుకోవడం. ఇదంతా బావా నేనూ చేసేవాళ్ళం. పొటోల్ పువ్వు మాత్రం అప్ప మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మా వేళ్ళు మొద్దువనేది.

పోయిన ఏడాదికి ముందటి దుర్గా పూజల తరవాత బావ పోయాడు. చలికాలం ఎలాగో గడిచింది. అప్ప మాట తగ్గింది గాని పని తగ్గలేదు. ఫాల్గుణం వచ్చింది, పొటోల్ తీగలు మొగ్గ తొడిగాయి. ఆ ఆదివారం తమ్ముడు వచ్చి నన్ను పుకుర్ గట్టుకు పిలిచాడు. అతని కూతురి పెళ్ళి వైశాఖంలో కుదిరింది.

“అన్నయ్యా, ఈ ఏడు గుంట పెళ్ళి ఉంది గదా. పొటోల్ పువ్వుకి మొదటి రోజు ముత్తైదువ సెయ్యి పడితే మంచిదని మా ఆవిడంటోంది. అప్పకి నువ్వు సెప్పు.”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది.

ఈ ముత్తైదువ ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలుసు. పొటోల్ వేయడం మా అమ్మకు పక్క చేనులోని బెంగాలీ ముసలామె నేర్పింది. సెలవుల్లో మేము ఇక్కడికి వస్తే, పొద్దున్నే లేవం అని మొరాయించేవాళ్ళం. మమ్మల్ని లేపడానికి అమ్మ ఒక వేళాకోళం కనిపెట్టింది. “లెగండర్రా, పువ్వుల పెళ్ళికి ఆలస్యమైపోతంది” అనేది. మాకు సరదాగా ఉండాలని మొదటి రోజు పందిరి గుంజకు పసుపుతాడు కట్టేది, ఇంత బెల్లం పంచేది. అంతే. నిద్రమొహం పిల్లల కోసం పుట్టిన హాస్యం అది. దాన్ని తీసుకుపోయి శాస్త్రం చేసి, ఆ శాస్త్రంతో మా అప్పను పందిరి బయట నిలబెడతామంటున్నారు.

పోనీ, అమ్మ? నాన్న పోయాక ఎన్నో వసంతాలు అమ్మే తాకించింది. అదే మాట తమ్ముడితో అన్నాను. అతనికి గుర్తు లేదట. నా డైరీలున్నాయి కదా, తీసి చూపించమన్నాడు. ఉన్నాయి, రేకుపెట్టెలో వరసగా ఉన్నాయి. తీయలేదు. సొంత అక్క ఒక పువ్వు ముట్టుకోవడానికి సాక్ష్యం కావాలా? అమ్మ కాలం వేరు అన్నాడు తరవాత. నిజమే, అమ్మ కాలంలో ఈ రోత లేదు. కాలం ముందుకు పోతుందనుకునేవాణ్ణి.

నన్ను మరీ దహించింది ఇంకొకటి. నేనూ తోడు పోయినవాణ్ణే. నా భార్య పోయిన తరవాత కూడా కొత్త పందిరికి కొబ్బరికాయ కొట్టమని నన్నే పిలుస్తున్నారు. నా చేతికి ఏ మైలా అంటలేదు. ఒకే ఇంట్లో, ఒకే దుఃఖంలో, ఒక చేయి మంచిదీ ఇంకో చేయి కానిదీ ఎలా అయిందని అడిగాను. లోకంలో ఉన్నదే కదా అన్నాడు. అప్పకు చెప్పాలంటే నీ నోటితో నువ్వే చెప్పుకో అని గట్టిగానే అన్నాను. చెప్పనక్కర్లేకపోయింది. వరండాలో ఎండుగడ్డి దులుపుతున్న అప్ప అంతా విన్నది. మరదల్ని రమ్మను, అంది తమ్ముడి వైపు చూడకుండా. ఆ ఒప్పుకోలు చూసి నాకు ఆమె మీదా కోపం వచ్చింది.

పువ్వు తాకించడం మొదలుపెట్టే ముందురోజు సాయంత్రమే మరదలు వచ్చి, తెల్లవారుతూనే స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని పందిరి కిందికి వెళ్ళింది. గుంజకు పసుపుతాడు, కుంకుమ. తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు. అప్ప వంటింట్లో వాళ్ళకు టీ కాచింది. మరదలు పని చక్కగానే చేసింది, అబద్ధం రాయను. ఆ రోజు తాకించిన పువ్వులన్నీ కాయ పట్టాయి. పట్టకేం చేస్తాయి? పువ్వుకు కావలసింది పుప్పొడి. తాకించినావిడ మెడలో ఏముందో దానికెందుకు?

చేయి కడుక్కుని, టీ తాగి, టాక్సీ ఎక్కబోతూ మరదలు అప్పతో అంది:

“రేపట్నించి మీరు ఎప్పట్లాగే సేసుకోండి వదినా. మొదటి రోజుదే పట్టింపు.”

మంచిమాటే అనుకుని అంది. అదే నేను భరించలేకపోయాను. శుభం ఒక్క పూట వాళ్ళది. వేసవంతా నడుం విరుచుకునే చాకిరీ ఈమెది. రెండో రోజు నుంచి ఆ చేతికి ఏ దోషమూ లేదన్నమాట.

మర్నాడు తెల్లవారింది. అప్ప లేవలేదు. నాకు తెలిసి అంత పొద్దెక్కేదాకా ఆమె పడుకోవడం అదే మొదలు. ఒంట్లో బాగోలేదేమోనని లేపాను, ఎండ వచ్చేస్తోందన్నాను.

“రానీ. పెళ్ళి సేసినోళ్ళే కాపరం సూసుకుంటార్లే. నువ్వెళ్ళి టీ పెట్టుకో,” అని గోడ వైపు తిరిగింది.

మిగతా పనులేవీ మానలేదు. కాకరకు పుల్లలు పాతింది, బెండ కలుపు తీసింది, మునగకాయ కోయించింది. పొటోల్ పందిరి ఛాయలకు మాత్రం పోలేదు. నేను దిగాను. నా మొద్దు వేళ్ళకు సగం పువ్వులు విరిగిపోయేవి. మిగతా పిందెలు పసుపుపచ్చగా మారి రాలేవి. గడ్డి మీద అవి పడి ఉంటే చూడలేక బుట్టలోకి ఎత్తి పుకుర్‌లో పారేసేవాణ్ణి.

పెళ్ళివంటకు తోట పొటోల్ వస్తుందని అందరికీ చెప్పుకున్న తమ్ముడు చైత్రం మధ్యలో ఒక ఆదివారం వచ్చి పందిరి చూశాడు. ముఖం మాడింది. అప్ప చేటలో బియ్యం ఏరుతోంది.

“ఇదేటప్పా, పిందెలన్నీ రాలిపోతన్నాయి. నువ్వు సెయ్యీస్తే అయిపోను కదా.”

“సేస్తాను. ముందు నువ్వు సెప్పు. నీ పెళ్ళాన్ని ఒగ్గీయి, లోకాన్ని ఒగ్గీయి. నా సెయ్యి మంచిదా, కాదా?”

ఒక్క మాట. మంచిదే అప్పా అంటే ఆ క్షణమే లేచి వెళ్ళి ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం. అతను చెప్పులు వేసుకున్నాడు. ఆ విషయం కాదు ఇది అని ఏదో నసిగాడు. అప్ప మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది.

పెళ్ళిలో పొటోల్ కూర బజారు కాయతోనే అయింది. పసుపు దంచే చోటికి అప్పను ఎవరూ పిలవలేదు. ఆమె వంటవాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను కొబ్బరికాయ కొట్టమన్నారు. కొట్టనన్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు ఎందుకో చెప్పాను. ఆ రోజంతా తమ్ముడు నాతో మాట్లాడలేదు.

కార్తీకంలో పాత తీగలు కోసి, మొదళ్ళకు ఎరువు పెట్టి, చచ్చిన చోట కొత్త ముక్కలు నాటాలి. నేను ముక్కలు కోయడానికి కత్తి నూరుతుంటే అప్ప పార తీసుకుని వచ్చింది. మొదళ్ళు తవ్వేయడం మొదలుపెట్టింది. అమ్మ వేసిన పాదు కదా అన్నాను. అమ్మ వేసిందని తనకూ తెలుసంది. మగతీగా ఆడతీగా అన్నీ తవ్వి గట్టున పోసింది. నేను ఆపలేదు. అది ఆమె పాదు. ఇన్నేళ్ళు దాన్ని కాయించింది ఆమె.

ఈ ఫాల్గుణంలో తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో ఏదో వరం ఇస్తున్న ధోరణి. ఈ ఏడు ఇంట్లో శుభకార్యాలేవీ లేవు, పొటోల్ పువ్వు అప్పనే మొదలుపెట్టమను, మాకేం పట్టింపు లేదు, అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అప్ప చేయి చాపింది. ఫోన్ ఇచ్చాను.

“పొటోల్ లేదురా. తీసీసినాను. బీర పెట్టినాను. సాయంత్రం పువ్వు విచ్చుకుంటాది, తేనీగలొస్తాయి, పోతాయి. దానికి ఎవరి సెయ్యీ అక్కర్లేదు.”

అప్ప ఫోన్ నా చేతికిచ్చేసింది. అప్పుడు తమ్ముడు నన్ను నిలదీశాడు. అమ్మ పాదు తవ్వేస్తుంటే నువ్వెలగ ఒప్పుకున్నావన్నయ్యా అన్నాడు. నేనెవణ్ణి ఒప్పుకోడానికి అన్నాను. నువ్వెవడివి ఆ పువ్వు ముట్టమనడానికీ వద్దనడానికీ అని కూడా అన్నాను. ఆ మాట ఏడాది ముందే పుకుర్ గట్టున ఇంత స్పష్టంగా అతనికి తగలవలసింది.

అప్ప అప్పటికే పందిరి కింద ఉంది. బీరతీగలు పైకి పాకడానికి తాళ్ళు కట్టాలి, రెండో కొస పట్టుకోమని నన్ను పిలుస్తోంది.