మా అత్త పరుపు కలకత్తా వెళ్లింది

అనకాపల్లిలో కాపురం పెట్టేదాకా నాకు బెల్లం తినడమే తెలుసు. దానికి చెమ్మంటే ఎంత పడదో ఇక్కడికొచ్చాకే తెలిసింది. కాస్త తడి తగిలితే చాలు, దిమ్మ మెత్తబడి, జిగురు కారి, పక్కనున్న దిమ్మల్ని కూడా పాడుచేస్తుంది.

మా ఆయన అప్పటిదాకా ఒకరి బెల్లం కొట్లో గుమాస్తా. మా పెళ్లయిన ఏడాది మార్గశిరంలో, సొంతంగా మొదటిసారి కలకత్తాకి ఒక వేగన్ బెల్లం పంపుతున్నాడు. సరుకు చెమర్చి చేరిందంటే అక్కడి షావుకారు మళ్లీ మొహం చూడడు. ఈయన తిరిగి పాత కొట్లో కూర్చోవాల్సిందే. పైగా ముసురు పట్టింది. ఆ వారమంతా ఆయనకి అన్నం సయించలేదు.

వేగన్ అంటే గూడ్సు రైలు పెట్టె, చుట్టూ ఇనుమే. పగలు కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. లోపలి చెమ్మంతా పైకప్పుకి పట్టి బొట్లు బొట్లుగా బెల్లం మీదే రాలుతుంది. అందుకని సరుకెక్కించే కూలీల మేస్త్రీ గోడలకి తాటాకు చాపలు నిలబెట్టించి, కింద ఎండుగడ్డి మందంగా పరిపించాడు.

మా అత్తది కశింకోట పక్క పల్లె. కొత్త నాగలి దించినా, కొత్త బండి కట్టినా పసుపునీళ్లు చల్లందే కదలనివ్వదు. కొడుకు మొదటి వేగన్‌ని వదులుతుందా? మేం బయట దిమ్మలు దింపించుకుంటుంటే చెంబుతో లోపలికెక్కి, దణ్ణం పెట్టుకుని, తలుపు దగ్గర్నుంచి నడిమిదాకా గడ్డంతా తడిపేసింది. చివర్లో చెంబు బోర్లించి మరీ దులిపింది.

అత్తని అక్క వరసన పిలిచే మేస్త్రీ తల పట్టుకున్నాడు. "అప్పా! ఏటి సేసేవప్పా! తలుపు మూసేక ఈ తడంతా ఆవిరైపోద్ది. బెల్లం పానకమైపోద్ది!"

"నువ్వూరుకో మావా" అన్నాడు మా ఆయన. "పర్లేదమ్మా, మంచి పనే సేసేవు."

ఆ మాట అంటుంటే ఆయన పెదవి వణికింది. నాకే కనిపించింది, కన్నతల్లికి కనిపించదా?

"వేరే గడ్డి తెత్తే సరిపోద్దేటి?" అంది అత్త మెల్లగా.

"ఈ ముసుర్లో ఎండుగడ్డి ఎక్కడుంటదప్పా? ఏ కుప్ప ముట్టుకున్నా పచ్చే. మజ్జానానికి రైలుకి తగిలించేత్తారు."

అత్త వేగన్ దిగి ఇంటికి నడిచింది. ఏడుస్తుందేమోనని వెనకే పరిగెత్తాను. తీరా చూస్తే, వంటింట్లో పొయ్యి పక్కనుండే తన గడ్డి పరుపు ఈడ్చి, కత్తిపీటతో కుట్లు కోసేస్తోంది.

"సూడు, అప్పడంలాగుంది. రోజూ పొయ్యి సెగకి ఎండిందే" అంది. "అలా సూత్తావేటే? మీదీ తే!"

"మాదా అత్తా?"

"మరెవలిది? నాలుగు రోజులు సాప మీద పడుకుంటే కాపురం ఆగిపోద్దేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ తెచ్చాను.

రెండు పరుపులూ రిక్షాలో వేసి, పైన టార్పాలిన్ కప్పి తీసుకెళ్లాం. మేస్త్రీ తడిగడ్డి లాగించేసి, ఇనుమంతా పొడి గోనెలతో తుడిపించి, మా పరుపులు చూసి పగలబడి నవ్వాడు. "అల్లుడా, పెళ్లి పరుపు కూడా తెచ్చేసేరే! ఇంక బెల్లానికి నిద్దరే నిద్దర!"

మా ఆయన ఆ వారంలో అప్పుడే నవ్వాడు. అత్త మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని మూలమూలా అరచేత్తో తడిమి, "ఇక్కడ పలచగుంది, ఇంకాస్త ఎయ్యి" అంటూ పసిపిల్లకి పక్క వేసినట్టు పరిచింది.

ఆ సాయంత్రం చాప మీద నడుం వాల్చి అంది: "నేను ఇశాపట్నం దాటి ఎరగను. నా పరుపు కలకత్తా సూసేత్తంది."

సరుకు పొడిగా చేరింది. షావుకారు ఇంకో వేగన్ పంపమన్నాడు.

రెండోసారి కూడా అత్త చెంబుతోనే వచ్చింది. మేస్త్రీ అడ్డంగా పరిగెత్తాడు. "అప్పా, నీకు దణ్ణం పెడతాను!"

"అలా అడలిపోతావేటిరా తమ్ముడా" అని అత్త చెంబు ఒంచి చూపించింది. అడుగున చిటికెడు పొడి పసుపు. అది తలుపుకి రాసి, గడ్డి మీద చెయ్యి అద్ది, అరచేయి కొడుకు ముందు చాపింది.

"తడుందేటో నువ్వే సూడు."

మా ఆయన ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. చూడడం అయిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు.