ప్లగ్గు మీది టీ రంగు

ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన నన్ను రెండు వేల ఆరో సంవత్సరం ఫిబ్రవరిలో బళ్ళారిలోని ఒక రేసింగ్ టీముకు చీఫ్ ట్యూనర్‌గా నియమించారు. చీఫ్ అని ఎందుకన్నారంటే నా కింద ఎవరూ లేరు కాబట్టి. షెడ్డు ఊడ్చే చీఫ్‌నీ నేనే, టీ తెచ్చే చీఫ్‌నీ నేనే. విజిటింగ్ కార్డులు కొట్టించి మొదటిది మా ఆవిడకు ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కింద దూర్చింది. నేను చేసిన ట్యూనింగుల్లో ఇప్పటికీ చెక్కుచెదరనిది ఆ మంచమే.

రేసు బండ్ల లోకంలో పైన మేనేజరు ఉంటాడు, ఆయన కింద ట్యూనరు, అతని కింద మెకానిక్కులు. రైడరు ఏ మెట్టు మీదా ఉండడు, బండి మీద ఉంటాడు. పడేది మాత్రం అతనొక్కడే. ట్యూనరు పని ఏమిటంటే కంపెనీ వాళ్ళు నెమ్మదిగా, మర్యాదగా తయారుచేసి పంపిన ఇంజనుకు లేనిపోని తొందర నేర్పడం. పదిహేనేళ్ళ వయసులో కోయంబత్తూరు పోయి, పాతికేళ్ళకు పైగా ఆ పనే చేసి, సొంత ఊరికి తిరిగొచ్చాను. తొందర నేర్పేవాడికి నిదానం ఎక్కడుంటుంది? కూర్చున్నా నా మోకాలు ఆడుతూనే ఉండేది.

ఊరు నాకంటే తొందరగా ఉంది. నేను వదిలి వెళ్ళినప్పుడు మా వీధిలో ఎండిన మిరపకాయల ఘాటు ఉండేది. తిరిగొచ్చేసరికి ఇనుప గనుల రాయి మోసే లారీలు ఒకదాని తోక పట్టుకొని ఒకటి పోతున్నాయి. చెట్లు, గోడలు, ఆవులు అన్నీ ఎర్రగా ఉన్నాయి. మా ఓనరు శెట్టిది బజారులో మూడు తరాల బట్టల కొట్టు. గనుల జోరులో ఆయన కూడా లారీలు కొన్నాడు, లారీలు కుదురుకున్నాక రేసుల మీద మోజు పడ్డాడు. కప్పగల్లు దగ్గర తన చేనులో బుల్డోజర్లు తోలి మట్టి ట్రాకు వేయించాడు. పొద్దున కొట్లో కూర్చొని గజాలు కొలిచేవాడు, పది దాటాక ట్రాకు దగ్గరికి వచ్చి సెకండ్లు కొలిచేవాడు.

రైడరు ప్రభుదాసు. మిషన్ చర్చి సంఘం పిల్లవాడు; పిల్లవాడంటున్నాను గానీ ఇరవై ఏడేళ్ళవాడు. గని రోడ్ల మీద దుమ్ము అణిగేందుకు నీళ్ళు చల్లే ట్యాంకరు తోలేవాడు. రోజంతా గంటకు పది మైళ్ళ వేగంతో పోయేవాడికి సాయంత్రానికి ఎంత ఆకలి పుడుతుందో నేను చూశాను. మార్చి మొదటి ఆదివారం మా ట్రాకులో రేసు. ఆరాధన ముగించుకొని, భోంచేసి రావాలి గనక రెండు గంటలకు మొదలు. ఆ రేసు చూడడానికి కోయంబత్తూరు నుంచి నా పాత మేనేజరు వస్తున్నాడు. ఆ సీజనుకు ఆయనకు మట్టి ట్రాకు తెలిసిన రైడరు ఒకడు కావాలి. ఇరవై ఎనిమిది నిండినవాణ్ణి తీసుకోడు. ప్రభుదాసుకు అదే మొదటి అవకాశం, అదే చివరిది. నాకూ లోపల ఒక ఆశ ఉండేది: ఆయన నా ఇంజను చప్పుడు విని, వీణ్ణెందుకు పోనిచ్చానా అనుకోవాలి.

బండి వంద సీసీ టూ-స్ట్రోకు. పోర్టులు వెడల్పు చేశాను, హెడ్డు చెక్కించాను, సైలెన్సరు గొట్టం నా చేతులతోనే చుట్టి వెల్డింగు చేశాను. గాలి ధారాళంగా పోవాలని ఫిల్టరు తీసేసి కార్బురేటరు నోరు తెరిచి పెట్టాను. ఇక మిగిలింది జెట్టు. జెట్టు అంటే కార్బురేటరులో ఉండే చిన్న ఇత్తడి ముక్క. దాని రంధ్రం ఎంతుంటే అంత పెట్రోలు. రంధ్రం కొలతే దాని నంబరు. నంబరు తగ్గేకొద్దీ పెట్రోలు తగ్గుతుంది, బండి చురుకవుతుంది. మరీ తగ్గితే వేడెక్కి పిస్టన్ తాను ఆడే గొట్టంలో, అంటే బోరులో, పట్టేస్తుంది.

ఎక్కడ ఆగాలో ప్లగ్గు చెబుతుంది. బండిని పూర్తి వేగంతో పోనిచ్చి, ఒక్కసారిగా క్లచ్ పట్టి, ఇంజను ఆపేసి, అక్కడే ప్లగ్గు విప్పి చూడాలి. లోపలి పింగాణీ నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ, అది ప్రమాదం. మంచి టీ రంగులో ఉంటే సరిగ్గా ఉందని లెక్క. నాకు అక్షరాలు చదవడం కంటే ప్లగ్గులు చదవడం బాగా వచ్చు. విప్పిన ప్రతి ప్లగ్గుకూ నంబరు చీటీ కట్టి ట్రేలో వరసగా పెట్టేవాణ్ణి. నూట ఇరవై జెట్టుతో చూశాను, టీ రంగు. నూట పదిహేను, టీ రంగే. నూట పది, అదే టీ. కొంచెం ఎరుపు ఎక్కువగా అనిపించింది గానీ ఇక్కడి పెట్రోలు అలాంటిదేమో అనుకున్నాను. పెట్రోలు మీద తోసేయడం మా వృత్తిలో పాత అలవాటు. నూట అయిదు వేశాను. బండి అరుపు మారింది, నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

రేసుకు రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, పొడుగాటి దారి చివర టాప్ గేరులో ఇంజను పట్టేసింది. అలా పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోతుంది, రైడరు ఎగిరిపడతాడు. ప్రభుదాసు క్లచ్ పట్టి, బండిని నిలువునా పోనిచ్చి గట్టు పక్కన ఆపాడు. బలంకొద్దీ నొక్కినందుకు ఎడమచేతి వేళ్ళు రెండు వాచాయి. నేను పరిగెత్తుకుంటూ పోయాను. మట్టిలో చక్రం జారిన గీత మూరెడు కూడా లేదు. ఆ గీతను చూశాను, కానీ చదవలేదు. హెడ్డు విప్పితే పిస్టన్ ఎగ్జాస్టు వైపు గీరుకుపోయి ఉంది.

శెట్టి వచ్చి నిలబడి తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు. “నాకు ఇంజను సంగతి గొత్తిల్లప్పా ఓబులేసూ. ఎవురిది తప్పు? ఒగ మాటలో చెప్పు.”

దారి చివర రైడరు ఒక్కసారిగా థ్రాటిలు మూసేస్తే కూడా టూ-స్ట్రోకు పట్టేస్తుంది. ఇందులో ఆయిలు పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది. అందుకే మూసేటప్పుడు మధ్యలో ఒకసారి తిప్పి వదలాలి. ఇది నిజమే. నిజం కావడం వల్లే నాకు అది అంత తేలికగా నోటికి వచ్చింది.

“రైడరుదే” అన్నాను.

ప్రభుదాసు నా వైపు చూసి, “అయ్యుంటుందిలే ఓబన్నా” అన్నాడు. వాడికి నా మీద అంత నమ్మకం. శెట్టి ఆదివారం తన అక్క కొడుకును బండెక్కిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ప్రభుదాసు అక్క గ్రేసమ్మ క్యారియరు తెచ్చింది. జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో ఆమె ఇన్‌ఛార్జి. తమ్ముడి వేళ్ళు చూసింది, సంగతి విన్నది, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏందన్నా, మా వాడు బండి తోలేది మర్చిపోయినాడంట?”

ఆమెకు అర్థమయ్యేలా చెబుదామని ట్రే ముందుకు జరిపాను. “చూడు గ్రేసమ్మా. అన్నీ టీ రంగే. నా లెక్క తప్పలేదని ప్లగ్గులే చెప్తాండాయి.”

ఆమె ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది, గోటితో గీరింది. “ఇది కాలిన రంగు కాదు. మరక.”

“ఇంజను లోపల మరక యాడిదమ్మా? పెనం మీద దోసె కూడా ఎర్రగానే ఉంటాది, దాన్నీ ఉతుకుతావా?”

“మిద్దె మీద ఆరేసిన ప్యాంట్ల మీద దినామూ ఇదే కూర్చుంటాది. గని దుమ్ము. సబ్బుకు పోదు, సోడాకు పోదు. ఆక్జాలిక్ పొడి వేడి నీళ్ళల్లో కలిపి నానేస్తే పోతాది. నీవు ఫిల్టరు తీసేసి బండి నోరు తెరిచి పెట్టుండావు. అది మింగేది ఏమనుకున్యావు, బెల్లం పాకమా?”

నవ్వాను. బళ్ళారి దుమ్ము ఏ రంగో బళ్ళారిలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? కానీ నేను ప్లగ్గులు చదవడం నేర్చింది ఆ దుమ్ము లేని ఊళ్ళో. ఆమె నాలుగు ప్లగ్గులు, చీటీలతో సహా, ఖాళీ క్యారియరు గిన్నెలో వేసుకొని పోయింది. ఆ సాయంత్రం నేను షెడ్డులో అటు నుంచి ఇటు ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. స్పేరు బోరు, కొత్త పిస్టన్ వేశాను. వేసినదే మళ్ళీ విప్పి చూశాను.

శనివారం పొద్దున యూనిట్‌కు పోతూ ఆమె గిన్నె నా బల్ల మీద పెట్టింది. నూట ఇరవై ప్లగ్గు మీద లేత టీ రంగు మిగిలి ఉంది. నూట పదిహేను పాలిపోయింది. నూట పది, నూట అయిదు ఎముకలా తెల్లగా ఉన్నాయి. పట్టేసే ఇంజనుకు ఉండే తెలుపు అది. ఆమె అప్పటికే యూనిట్ దారి పట్టింది. ఒక మాట దెప్పి పోయినా బాగుండేది, ఏదో ఒక ఎదురు జోకు వేసేవాణ్ణి.

అయినా ఒక మరక పరీక్షతో ఇంజను లెక్క తేల్చకూడదు. బండిని చిన్న లారీలో ఎక్కించి, ప్రభుదాసును పక్కన కూర్చోబెట్టుకొని కెంచనగుడ్డ పోయాను. అక్కడ తుంగభద్ర ఒడ్డున వరిమళ్ళ మధ్య రోడ్డు ఉంది, లారీలు లేవు, గాలి శుభ్రం. కొత్త ప్లగ్గు, నూట అయిదు జెట్టు. బండి కొత్త బోరుతో ఉంది, వాడి వేళ్ళు వాచి ఉన్నాయి గనక ఈసారి నేనే ఎక్కాను. కొద్ది దూరమే పోనిచ్చి విప్పితే ప్లగ్గు తెల్లగా ఉంది. ఒక్కో నంబరూ పెంచుకుంటూ పోతే నూట ఇరవై అయిదు దగ్గర అసలైన టీ రంగు వచ్చింది. ప్రభుదాసు గట్టు మీద కూర్చొని చూస్తున్నాడు.

“అయితే నేను మూసింది సరిగ్గానే మూసినానా అన్నా?” అని అడిగాడు.

“సరిగ్గానే మూసినావప్పా” అన్నాను. అంత చిన్న మాట చెప్పడానికి అరవై కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది.

తిరుగు దారిలో నేరుగా శెట్టి కొట్టుకు వెళ్ళాను. ఆ రోజు బేరం ఎక్కువై ఆయన ఇంకా కొట్లోనే ఉన్నాడు. బట్టల తాను ఒకటి మడుస్తూ అంతా విన్నాడు. దుమ్ము, మరక, జెట్టు, నది, అన్నీ చెప్పాను.

“నిన్న ఒగ మాటలో చెప్పితివే. ఈ పొద్దు ఇన్ని మాటలా?” అన్నాడు.

“నాదే” అన్నాను.

“ఆయ్తు. వాణ్ణే ఎక్కించు” అని మళ్ళీ ఆ బట్ట మడవసాగాడు.

ఆయిలులో ముంచిన ఫోము ఫిల్టరు మళ్ళీ బిగించాను. దానికి తగ్గట్టు జెట్టు సరిచూసుకున్నాను. ఫిల్టరు పెడితే పైవేగం కొంత తగ్గుతుంది. ఆదివారం అది కనిపించింది. ప్రభుదాసు మూలమలుపుల్లో ఇద్దరిని దాటాడు, పొడుగాటి దారిలో ఒకడికి వదిలేశాడు. మూడో స్థానం. ఇంజను మాత్రం చివరిదాకా ఆగలేదు.

రేసు అయ్యాక పాత మేనేజరు షెడ్డుకు వచ్చాడు. మూడోవాణ్ణి ఎవరు తీసుకుంటారు? ఆయన ముఖంలోనే జవాబు కనిపిస్తోంది. పోతూ పోతూ, శుక్రవారం ఇంజను పట్టేసిందని విన్నానే, ఏం జరిగింది అని అడిగాడు. ప్రభుదాసు నన్ను చూశాడు. నన్ను కాపాడదామని నోరు తెరుస్తున్నాడని అర్థమైంది. పాడైన పిస్టన్ నా సొరుగులో ఉంది. అది ఆయన చేతిలో పెట్టడమంటే, నా ఇంజను చప్పుడు వినిపించాలనుకున్న మనిషికి నా తప్పు చూపించడం. తీసి పెట్టాను, తెల్లబడ్డ ప్లగ్గుతో సహా.

ఆయన పిస్టన్‌ను తిప్పి తిప్పి చూశాడు. ఏ గేరులో అని అడిగాడు. టాప్‌లో అన్నాను. ఎంత దూరం జారాడని అడిగాడు. మూరెడు కూడా లేదు, గీత నేను చూశాను అన్నాను. అప్పుడాయన పిస్టన్ పక్కన పెట్టి ప్రభుదాసు ఎడమచెయ్యి పట్టుకొని చూశాడు. ఆ వేగంలో, ఆ క్షణంలో క్లచ్ మీదికి వేళ్ళు పోయే రైడర్లు తన దగ్గర ఇద్దరే ఉన్నారని తమిళంలో నాతో అన్నాడు. సోమవారమే బయల్దేరి కోయంబత్తూరు రమ్మని వాడితో చెప్పాడు. పిస్టన్ తిరిగి నా చేతిలో పెట్టి నవ్వాడు. నన్ను రమ్మనలేదు.

ఆ తర్వాత ఇంకో పన్నెండేళ్ళు ఈ పని చేశాను. ఏ కొత్త ట్రాకుకు పోయినా మొదటి ప్లగ్గును కడిగి చూడకుండా జెట్టు మార్చలేదు. ఇంజను పట్టేస్తే హెడ్డు విప్పి, జెట్టు చూసి, జారిన గీత కొలిచేదాకా రైడరు పేరు ఎత్తలేదు. ఓనర్లు ఒక్క మాటలో చెప్పమంటే రేపు చెబుతానన్నాను. కొందరికి అది నచ్చలేదు, రెండు ఉద్యోగాలు పోయాయి. ఇంజన్లు తక్కువ పట్టేశాయి.

ఆ రేసు మరునాడు, సోమవారం పొద్దున, బళ్ళారి స్టేషన్లో ప్రభుదాసును రైలెక్కించి గ్రేసమ్మా నేనూ బయటికి వస్తున్నాం. నా నోరు ఊరుకుంటుందా? “చూసినావా గ్రేసమ్మా, నేను ఆ మరక చేయకపోతే మీ వాణ్ణి ఎవురూ చూసేవాళ్ళు కాదు. నాకు బిర్యానీ బాకీ ఉండావు” అన్నాను.

ఆమె నడక ఆపలేదు.

“మా యూనిట్లో మరక చేసినోళ్ళకు తిండి పెట్టరన్నా. వాళ్ళతోనే ఉతికిస్తారు.”