వేలిముద్రకు ముందు కుప్పం దాకా

కార్తీకంలో రెండో సోమవారం, తెల్లవారి ఐదూ ఇరవైకి మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇచ్చాడు. సంచిలో చిత్రాన్నం, నీళ్ల బాటిల్, కళ్లద్దాలు.

ఎందుకు బయల్దేరానో చెప్తాను. నా కొడుకు ఎక్కిన బస్సు లోయలో పడ్డప్పుడు, ఎవరో కాగితం పెడితే వేలిముద్ర వేశాను. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకుని దాని నకలు చదివితే, ‘ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తన తప్పువల్లే మరణించాడు’ అని ఉంది. వాడు సీట్లో నిద్రపోతూ పోయాడు. అప్పటినుంచి ఇట్లాంటి చావులు జరిగిన ఇళ్లవాళ్లు పిలిస్తే, కాగితాలు చదివిపెట్టడానికి పోతున్నాను.

ఆరుంబావుకు పుంగనూరులో సోమల మునెమ్మ ఎక్కింది. కుప్పం పక్క రాళ్ల క్వారీ విరిగిపడి చచ్చిపోయినవాళ్లలో ఆమె మొగుడు చెంగప్ప ఒకడు. వాళ్లందరి ఇళ్లవాళ్లనూ ఆ రోజు పదిన్నరకు పరిహారం చెక్కుల సంతకాలకు క్వారీ కంపెనీవాళ్లు రమ్మన్నారు.

ముందు సీటులో బట్టల వ్యాపారం చేసే సాయిబు మా మాటలు విని వెనక్కి తిరిగాడు. “ఆఫీసరే సదివి సెప్తాడు గదమ్మా, నువ్వు యాల ఇంత దూరం?”

“నీ అంగట్లో గుడ్డ నువ్వే కొలుస్తావే, అట్లుంటాదప్పా అది.”

“పొద్దున్నే నా గజం మింద పడితివే తల్లీ!” అని నవ్వాడు.

వి.కోటలో టీ తాగాను. మునెమ్మ ముట్టలేదు. “ఈ పొద్దు ఏలు ఎయ్యకపోతే సెక్కు ఇయ్యరంటక్కా.”

“ఎయ్యద్దనలే. సదివినాక ఎయ్యి.”

క్వారీ షెడ్డులో మేనేజరు బల్ల ముందు కూర్చున్నాడు. పక్కనే సర్కారు ఆఫీసరు ఫోను చూసుకుంటున్నాడు. వచ్చినవాళ్లు వేలు నొక్కి, మిగిలిన ఇంకు తలవెంట్రుకలకు తుడుచుకుని పక్కకు పోతున్నారు. మునెమ్మా అలవాటుగా వేలు చాచింది. మేనేజరు ఇంకు అద్దేశాడు. నేను కాగితం లాక్కున్నాను.

“సెక్కు ముట్టిందని రాసినాం, అంతే” అన్నాడు.

కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాను.

“ఏం ముసలమ్మా, పొద్దు గూకేదాకా సదువుతావా?”

“నా కొడుకు కాగితం సదివేదానికి తొమ్మిదేండ్లు పట్టినాదప్పా. నువ్వు కాసేపు కూర్చో.”

నాలుగో వరుస: ‘వద్దని హెచ్చరించినా వినక, చెంగప్ప స్వంత పూచీపై గుంతలోకి దిగెను.’

మునెమ్మ గొంతు లేచింది. “రాకుంటే కూలి లేదని ఫోన్ సేసి పిలిస్తిరే సారూ! ఆ మాట కొట్టేసి రాయండి. అప్పుడు ఏస్తా.”

కాగితానికి తగలకుండానే ఆ ఇంకు వెంట్రుకలకు తుడిచేసింది. ఆఫీసరు తల ఎత్తలేదు. అప్పటికే వేలు వేసిన గంగులమ్మ వెనక్కొచ్చి, “అక్కా, నాదీ సదువు” అంది. మేనేజరు కాగితాలన్నీ బ్యాగులో కుక్కుకుని, మళ్లీ పిలుస్తామని లేచిపోయాడు. చెక్కు ఇవ్వలేదు.

రెండు గంటల బస్సుకు తిరిగొచ్చాం. ఇట్లాంటి చావులకు దండలొస్తాయి, కెమెరాలొస్తాయి, మైకులొస్తాయి. ఇటు కంపెనీకీ అటు ఆఫీసుకూ చెందకుండా, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుని కాగితం చదివిపెట్టే ఒక్క మనిషి రాడు. అట్లాంటి మనిషిని పెట్టడానికి ప్రభుత్వానికి ఏం రోగం? మీలో ఎవరైనా ఈ పనికి పోతే కళ్లద్దాలు మరవకండి. నిలబడి చదవకండి, కుర్చీ అడగండి.

ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లు: సోమల మునెమ్మ, కలకడ గంగులమ్మ, వి.కోట రహమత్‌బీ, ఆమె మామ ఖాదర్, పేరడిగితే చెప్పని మేనేజరు, అడిగినా వినపడని ఆఫీసరు, మదనపల్లె రాజమ్మ అనే నేను. చెంగప్ప కూడా ఉన్నాడు, నాలుగో వరుసలో.