శుక్రవారం షెడ్డు

నాకు పుట్టినప్పటి నుంచీ మాట లేదు. చేతులు కూడా చెప్పినట్టు వినవు. గురజాల దగ్గర మిరప సాగు చేసే మా నాన్న ఒక వేసవిలో పాత క్యాలెండర్ అట్ట వెనక అక్షరాలు రాసి నా ఒళ్లో పెట్టాడు. ఎడమచేతి పిడికిలితో ఒక్కో అక్షరం మీద తట్టి మాట కూర్చేదాన్ని. అయితే మొదటి అక్షరం తట్టగానే మిగతాది అమ్మే అనేసేది. ‘ప’ తట్టానంటే “పాలు కావాలంట” అని లేచి వెళ్లేది. నేను పక్కింటి పిల్లి ఈనిందని చెప్పబోతున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. పాలు తాగేసి ఊరుకునేదాన్ని.

ఇరవై దాటాక నరసరావుపేటలో ఫిజియోథెరపీకి వెళ్లడం మొదలుపెట్టాను. ఒక పిల్ల అక్కడే కలిసింది. అప్పటికింకా స్కూలు వయసు. వాళ్ల నాన్న ఆటోల మెకానిక్. ఆ పిల్లకు మాటా లేదు, చేతులూ కదలవు. కళ్లతోనే మాట్లాడేది. వానాకాలం ఆటోలకు పక్కన కట్టే ప్లాస్టిక్ పరదా ఉంటుందే, అవతలి మనిషి కనిపించేది, ఆ ముక్కను వాళ్ల నాన్న చెక్క చట్రానికి బిగించి దాని మీద అక్షరాలు రాశాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు అందులోంచి తన కళ్లనే చూడాలి. చూపు ఏ అక్షరం దగ్గర ఆగితే దాన్ని పైకి చదవాలి. వాళ్ల నాన్న చదువుతుండగా తను నాతో అన్న మొదటి మాట ఇది:

“అక్కా, నీ అట్టకి ఒత్తులేవి?”

నాన్న అట్టలో ఒత్తులకు చోటు చాలలేదు. అన్నేళ్లలో అలా అడిగినవాళ్లు లేరు. నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారబోయాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల నాన్న, మా మెకానిక్ మామ, తన రిపేరు షెడ్డు మూసేవాడు. ఆ పూట అది మాది. కొన్నాళ్లకు నడికుడి నుంచి ఒక బాబాయ్ కూడా వచ్చేవాడు. రైల్వేలో చేసి రిటైరైనవాడు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. ఫోన్‌లో టైపు చేస్తే ఫోన్ చదివేది. మొదట్లో అందులో ఆడగొంతే ఉండేది.

“ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ నా మాట ఇనలా. ఇప్పుడు ఆడగొంతుతో మాట్లాడతన్నాడు సూడండి!” అని పిన్ని పడీపడీ నవ్వేది. తర్వాత మగగొంతు దొరికినా బాబాయ్ మార్చలేదు.

గ్రీజు వాసన మధ్య, బల్ల మీద టీ గ్లాసులు పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఒక జోకు పూర్తయ్యేసరికి టీ చల్లారేది. అయినా ఎవరి మాటా ఇంకొకరు పూర్తిచేయకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది ఆ పిల్లే. మా ఇద్దరి అక్షరాల పలకల మీదా పైమూలన ఒక గడి గీయించి, ‘ఆగు, ఇంకా అవలేదు’ అని రాయించింది. మొదటిసారి ఆ గడి తట్టినప్పుడు అమ్మ బిత్తరపోయి, మళ్లీ కూర్చుంది. ఆ రోజు పిల్లి కథంతా విన్నది.

ఆ ఏడాది ఫిజియోథెరపీ సెంటర్ వాళ్లు సభ పెట్టారు. మమ్మల్ని వేదిక మీద వరసగా కూర్చోబెట్టి, ఒళ్లో పళ్ల సంచులు పెట్టారు. అతిథిగా వచ్చిన అధికారి ఆ పిల్ల తల్లి వైపు వంగి, “పాపకి అన్నీ అర్థమవుతాయామ్మా?” అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే పిల్ల చూపు పైమూలకు వెళ్లింది.

“ఆగమంటంది సార్,” అన్నాడు మెకానిక్ మామ.

అధికారి గడియారం చూసుకున్నాడు. బాబాయ్ ఫోన్‌ను మైకు దగ్గర పెట్టాడు. “ఆగండి సార్. ఆమె మాట్లాడుతోంది,” అని ఆడగొంతు హాలంతా మోగింది. జనం గొల్లుమన్నారు. నేను నా అట్ట మీద ఆ గడినే పిడికిలితో కొడుతూ ఉన్నాను. మెల్లగా నవ్వులు ఆగిపోయాయి.

మెకానిక్ మామ ఒక్కో అక్షరం చదివాడు. “నా గురించైతే నన్నే అడగండి. నేను టెన్త్ రాస్తా. టైం ఎక్కువ కావాలి.”

అధికారి కుర్చీ జరుపుకుని ఆ పరదాకు ఎదురుగా కూర్చున్నాడు. “ఎంత టైం కావాలమ్మా?” అన్నాడు. పిల్ల చూపు చదవడం ఆయనకు చేతకాలేదు. తప్పు చదివిన ప్రతిసారీ పిల్ల ఓపిగ్గా మళ్లీ మొదటికొచ్చింది.

పరీక్షలో రాసిపెట్టడానికి ఆమె చూపు చదవడం ఒక టీచరమ్మ నేర్చుకుంది. అడిగినంత కాకపోయినా అదనపు టైం ఇచ్చారు. పిల్ల టెన్త్ పాసైంది. ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. బాబాయ్ పోయాడు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అటుగా ఆటోలో వెళ్తుంటే ఇప్పటికీ తల అటే తిరుగుతుంది.

మా కబుర్లు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులోనే. మాచర్ల నుంచీ, వినుకొండ నుంచీ కొత్తవాళ్లు చేరారు. మొన్న ఒక తల్లి, “మా పాపకి మాట రాదు. గ్రూపులో ఉండి ఏం చేస్తుంది?” అని పెట్టింది. గుంటూరు నుంచి జవాబు వచ్చింది: “ఫోన్ పాపకివ్వండి ఆంటీ. మీరు కాసేపు పక్కన కూర్చోండి.”

షెడ్డు ఉంటే ఆ తల్లీకూతుళ్లను ఒక శుక్రవారం టీకి పిలిచేవాళ్లం.