సెనేటర్‌కి దమయంతి ఆంటీ ఉత్తరం

ఆస్టిన్ బస్సు వాక్సహాచీ ఊరు దాటాక గానీ తేజేశ్వర్ పక్కసీటు వైపు చూడలేదు. చూశాక, చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

టెక్సస్‌లో బస్సెక్కేవాళ్లు రెండు రకాలు: కారు లేనివాళ్లు, కారంటే గిట్టనివాళ్లు. తేజేశ్వర్ కారు షెడ్డులో ఉంది. పక్కసీట్లో ఉన్న దమయంతిది రెండో రకం. మందుల షాపులో ముప్పై ఏళ్లు చేసి మానేసిన మనిషి, ఇర్వింగ్ తెలుగు కుర్రాళ్లందరికీ ఆంటీ. ఆ 2009 ఎండల్లో ఇండియన్ షాపుల ముందు నిలబడి, దేశమంతటా కర్బన పొగకి కళ్లెం వేసే చట్టం కావాలని సంతకాలు సేకరించింది. బిల్లు దిగువ సభ గట్టెక్కి, ఇప్పుడు సెనేట్‌లో నానుతోంది.

ఆవిడ సంచీలోంచి ఒక కవరు తీసి చూపించింది. సెనేటర్ ఆఫీసు నుంచి. బిల్లు వద్దంటూ మీరు రాసిన ఉత్తరం అందింది, ధన్యవాదాలు అని. మొదట్లో ‘డియర్ మిస్ ఆంటీ’.

"ఆంటీ నా ఇంటిపేరనుకున్నార్రా," అని పడీపడీ నవ్వింది.

తేజేశ్వర్ నవ్వలేకపోయాడు. తెలుగు అసోసియేషన్ ఉగాది భోజనాలకి వచ్చేవాళ్ల పేర్లు టైప్ చేసింది అతనే. పెద్దవాళ్లని ఉత్త పేరుతో రాయడానికి చెయ్యిరాక, అందరికీ ఆంటీ, అంకుల్ తగిలించాడు. జూలైలో అతని కన్సల్టెన్సీ యజమాని, బొగ్గు కంపెనీల తరఫున బిల్లు వద్దని సెనేటర్లకి ఉత్తరాలు పంపే పని ఒప్పుకుని, నిజం మనుషుల పేర్లు కావాలన్నాడు. తన వీసా పొడిగింపు కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. పేర్లేగా అనుకుని తేజేశ్వర్ ఆ ఉగాది ఫైలు పంపేశాడు.

"మన పిల్లలెవరో చేసిన పనే. బయటివాళ్లు నన్ను ఆంటీ అనరుగా," అందావిడ నెమ్మదిగా. "ఏ ఇబ్బందిలో ఉన్నాడో, పాపం."

తిట్టినా అంత తగిలేది కాదు.

ఆ ఉత్తరం తనది కాదని సెనేటర్ ఆస్టిన్ ఆఫీసులో స్వయంగా రాసివ్వడానికే ఆవిడ ప్రయాణం. డాక్టర్ల రాత చదివీ చదివీ తన రాతా పాడైందని, కాగితం అతనికిచ్చి రాయమంది. అతను రాశాడు. వాకోలో బస్సాగింది. నీకూ కాఫీ తెస్తానుండు అని ఆవిడ దిగింది.

కాగితం చివర ఇంకా చోటుంది. తేజేశ్వర్ పెన్ను మళ్లీ తీశాడు. ఆ ఉత్తరాలు పంపిన తన కంపెనీ పేరు రాశాడు. దాని కింద, ‘ఈవిడ పేరు వాళ్లకిచ్చింది నేను’ అని రాసి, తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. మడిచి ఆవిడ సీట్లో పెట్టాడు.

అద్దం అవతల ఆవిడ రెండు కప్పులతో క్యూలో ఉంది. ఆస్టిన్ టికెట్ జేబులోనే ఉండగా, అతను బ్యాగు భుజాన వేసుకుని దిగి, బస్సు వెనకనుంచి హైవే వైపు నడిచాడు.