బస్సులో అప్పగింత

సౌదీలో దమ్మామ్ నుంచి ఖోబర్ వెళ్లే బస్సులో, ఒళ్లో ఏడాది పాపతో కూర్చున్నాను. నేను నర్సుని. పాపను చూసే పక్కింటామె దేశం వదిలి వెళ్లిపోయింది. ఆ ఉదయం నైట్ డ్యూటీ దిగి మూడు నర్సరీలు తిరిగాను. పిల్లల ఫీజుకి సర్కారు డబ్బు కట్టే గంటలు ఒకచోట ఒక పూటేనన్నారు, ఇంకోచోట రోజంతా అన్నారు. మూడోచోట ఉద్యోగం కాగితం తెమ్మన్నారు.

పక్క సీట్లో ఒక నర్సరీ ఆయా కూర్చుంది. మా కాకినాడ వైపు యాసే. నా తిరుగుడంతా ఆమెకు చెప్పాను.

"గంటలు నర్సరీని బట్టి మారతాయండి. సర్కారు సాయం మాత్రం సౌదీ తల్లులకే. బయటి దేశపోళ్లకిచ్చే మన ఇకామా కార్డుకి ఎక్కడా రాదు," అంది.

నేను సీటుకి తల ఆనించాను. ఆమె వాచీ చూసుకుని పాపను తన ఒళ్లోకి తీసుకుంది. నా కళ్లు మూతపడ్డాయి.

తను దిగే అజీజియా స్టాపు వచ్చాక లేపింది.

"నలభై నిమిషాలండి. సగం బిస్కెట్ తింది. ఏడవలేదు. ఒకసారి మీ చేతి కోసం తడుముకుంది," అని చెప్పి, పాపను అప్పగించి దిగిపోయింది.

తరువాతి నెల ఊరెళ్లి, పెంచమని పాపను మా అక్క చేతికిచ్చాను. అక్క కళ్లు తుడుచుకుంటోంది. నేను వాచీ చూసుకున్నాను.

"ఏడింటికి పాలు తాగింది. జ్వరం లేదు. ఏడవలేదు," అన్నాను.

మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావని అక్క అడగలేదు.