గెలిచింది తమ్ముడి పేరు

నా తమ్ముడు జూదం ఆడలేదు. ఈ మాట మొదటే చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ రికార్డుల్లో ఆడి గెలిచినవాడు అతనే.

వాడు బెంగళూరు పక్క హొసకోటెలో ఒక హార్డ్‌వేర్ దుకాణం యజమానికి కారు నడిపేవాడు. ఆ యజమాని ఏటా స్నేహితులతో గోవా పోయి, అక్కడ ఏట్లో నిలిపి ఉంచిన ఓడలో కేసినో ఆడేవాడు. డ్రైవర్లు ఒడ్డునే ఉండాలి. ఒక ఏడు స్నేహితుడొకడు రాలేదు, అతని టికెట్ మిగిలిపోయింది. "దుడ్డు దండగ, నువ్వు రా అప్పా" అని యజమాని తమ్ముణ్ణి లోపలికి తీసుకుపోయాడు.

మీట నొక్కి ఆడే యంత్రమొకటి యజమానికి పెద్ద మొత్తం ఇచ్చింది. కేసినో మనిషి పాన్ కార్డు అడిగాడు. అలాంటి గెలుపులో నూటికి ముప్పై పన్ను కింద అక్కడే పట్టుకుంటారు. అంతకుముందు ఎంత పోగొట్టుకున్నా అది లెక్కలోకి రాదు. యజమానికి బ్యాంకు అప్పు ఒకటి నడుస్తోంది, తన కాగితాల్లో కేసినో కనబడటం ఇష్టం లేదు. లేచి, తమ్ముణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

తిరిగి వచ్చాక వాడే నవ్వుతూ చెప్పాడు. "నా పాన్ కార్డు ఇన్నాళ్ళూ పర్సులో ఊరికే పడి ఉండాది అక్కా. ఇప్పుడు దానికీ పనొచ్చింది."

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"నమ్మి కారు నా చేతికిచ్చినాడు. కార్డు ఇస్తే నాకేం పోతాది?"

ఖాతాలో పడిన డబ్బంతా తీసి ఆయనకిచ్చేశాడు. ఆయన వాడికి ప్యాంటు గుడ్డ, వాడి భార్యకు చీర పెట్టాడు. తమ్ముడి పేరున రిటర్న్ కూడా ఆయన ఆడిటరే వేశాడు. మా వాళ్ళలో ఇది తప్పని ఎవరూ అనుకోరు. పెళ్ళికి గిన్నెలు అరువిచ్చినట్టు యజమానికి పేరు ఇస్తారు.

మరుసటి ఏడు తమ్ముడి గుండెలో కవాటం పాడైందన్నారు. తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే రేషన్ కార్డు ఉంటే ఆపరేషన్ ప్రభుత్వం ఖర్చుతో జరుగుతుంది. ఆస్పత్రిలో కార్డు నంబరు కొట్టి చూసి, చెల్లదన్నారు. ఆదాయ పన్ను కట్టేవాళ్ళ కార్డులు తీసేస్తున్నారట. తమ్ముడు కట్టాడు. కార్డు లేకపోతే ఖర్చులో ఎక్కువ భాగం మేమే పెట్టుకోవాలి. అంత మా దగ్గర లేదు.

మరదలూ నేనూ కె.ఆర్.పురంలో రేషన్ కార్డుల ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "గెలిచింది మీ ఆయన కాదని ఆ యజమాని రాసిస్తే పైకి పంపుతాను" అన్నాడు.

తమ్ముడితో కలిసి ముగ్గురం దుకాణానికి పోయాం. చదువుకున్నదాన్ని కదా అని నేను పన్ను చట్టంలో ఆ భాగం చదివి పోయాను. దానితో పని పడలేదు.

"రాసిస్తే నేను ఇరుక్కుంటానమ్మా" అన్నాడాయన. "మందులకేమన్నా కావాలంటే అడగండి. ఇది మాత్రం అడగొద్దు."

బయటికొచ్చాక తమ్ముడు, "పోనీలే అక్కా, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు" అన్నాడు.

మరదలు నడి రోడ్డు మీద నిలబడిపోయింది. "ఆయనకు ఇబ్బందంట! నీది గుండె కాదా, కారు టైరా, ఇంకోటి తెచ్చి వేసుకోడానికి?"

వాడు నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చి, పక్క దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

యజమాని రాయకపోయినా మేమే అర్జీ పెట్టాం. పైకి పోయిందన్నారు. అది పైన ఎక్కడో ఉండగానే తమ్ముడు పోయాడు.

పదకొండో దినం భోజనాలకు యజమాని వచ్చాడు. పంక్తిలో ఎవరో గోవా సంగతి ఎత్తారు. "ఏం గెలుపప్పా అది! ముప్పై శాతం గవర్నమెంటే తినేసింది" అన్నాడాయన. "అంత పన్ను కట్టినోణ్ణి, ఒక దండైనా వేసినారా నాకు?" ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నేను వడ్డిస్తున్నాను. "పన్ను కట్టినట్టు మీ పేరు ఎక్కడా లేదండీ. మా వాడి పేరే ఉంది" అన్నాను.

ఆయన విస్తట్లో అన్నానికి గుంట చేసుకున్నాడు. "కొంచెం మజ్జిగ పోయిస్తారా అమ్మా" అన్నాడు.

పోశాను. చావింటికి వచ్చినవాణ్ణి ఆకలితో లేపకూడదని పెరిగినదాన్ని. ఆ పెంపకం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తర్వాత రేషన్ రికార్డులోంచి భర్త పేరు తీయించడానికి మరదలు మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆఫీసుకు పోయింది. నేనూ వెంట పోయాను. అదే అధికారి. కంప్యూటర్లో పేరు తీసి, తెర చూసి, "ఇప్పుడు ఈ ఇంట్లో పన్ను కట్టేవాళ్ళు ఎవరూ లేరు. మీకు కార్డు వస్తుందమ్మా" అన్నాడు. వెటకారం కాదు. మంచి మాట చెబుతున్నానని అనుకున్నాడు.

కార్డు వచ్చింది. మరదలు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి నా చేతికిచ్చింది.

"ఇంక గుండె ఆపరేషన్ కూడా ఉచితమే వదినా" అంది.